హోర్ముజ్ గుర్రాలు, మహానంది ఎద్దులు

మాది ఆళ్ళగడ్డ దగ్గర అని చెప్పగానే అవతలివాళ్ళు అడిగే మొదటి ప్రశ్న సుమోల గురించి. సినిమావాళ్ళ పుణ్యం. రెండో ప్రశ్న ఉండదు, మెల్లగా మాట మార్చేస్తారు :-). నిజం చెప్పాలంటే చిన్నప్పుడు నేను సుమోల కంటే ఎద్దుల్నే ఎక్కువ చూశాను. గుర్రాన్ని మాత్రం పెళ్ళి ఊరేగింపులో తప్ప చూసిన గుర్తు లేదు. అందుకే గుర్రాల గురించి నేను రాయడం కొంచెం విడ్డూరమే. కానీ చాన్నాళ్ళుగా ఒక విషయం బుర్రలో తిరుగుతోంది, రాసేస్తే ఓ పనైపోతుంది.

కొన్నేళ్ళ క్రితం ఆఫీసు పని మీద కాలిఫోర్నియాలో శాక్రమెంటో పక్కన ఉన్నాను. ఓ శనివారం రాత్రి ఆఫీసులో ఒకాయన "ఆబర్న్‌లో గుర్రాల పందెం ఉంది, వస్తావా" అంటే, సరే ఊరికే గదిలో కూర్చోవడం ఎందుకని వెళ్ళా. అదే టెవిస్ కప్. 1955లో వెండెల్ రోబీ అనే ఆయన మొదలుపెట్టాడు. ఈ కాలపు గుర్రాలు ఒక్క రోజులో వంద మైళ్ళు నడవలేవని ఎవరో అంటే, ఎందుకు నడవలేవో చూద్దామని టాహో సరస్సు దగ్గర బయల్దేరి సియెర్రా నెవాడా కొండలు దాటి ఆబర్న్ చేరుకున్నాడు. అప్పట్నుంచీ అదే లెక్క: 100 మైళ్ళు, 24 గంటలు.

నేను ఊహించుకున్నది వేరు. జనం కేకలు, గుర్రం ముక్కు ముందా వెనకా అన్న ఉత్కంఠ, అలాంటివి. అక్కడ చూసింది ఏమిటంటే, అర్ధరాత్రి దుమ్ము కొట్టుకుపోయిన మనుషులు గుర్రాల పక్కన నిలబడి ఉన్నారు, పశువుల డాక్టర్లు స్టెతస్కోపు పెట్టి గుండె కొట్టుకోవడం లెక్కపెడుతున్నారు. దారిలో కూడా ఇలాంటి మజిలీలు చాలా ఉంటాయట. గుండె వేగం నిమిషానికి 64కో, వాళ్ళు పెట్టిన అంకెకో దిగితే తప్ప ముందుకు పోనివ్వరు. చిగుళ్ళు నొక్కి రంగు ఎంతసేపట్లో తిరిగొస్తుందో చూస్తారు, పొట్టలో చప్పుడు వింటారు, పరిగెత్తించి కుంటుతోందేమో చూస్తారు. మరి గీత దాటినాక ఎందుకు చూడటం అని అడిగా. మా వాడు చెప్పిన జవాబు: "గీత దాటడం కాదు, దాటాక కూడా ఇంకా నడవగలిగే స్థితిలో ఉంటేనే పూర్తి చేసినట్టు." లేకపోతే వంద మైళ్ళూ నడిచి కూడా లెక్కలో లేనట్టే. బయల్దేరిన వాళ్ళలో సగం మందికి అటూ ఇటూగానే పూర్తి చేస్తారు. 1964 నుంచి మొదటి పదిమందిలో ఎవరి గుర్రం బాగా ఉందో దానికి విడిగా ఓ కప్పు కూడా ఇస్తున్నారు.

అన్నట్టు, 1973లో గోర్డీ ఐన్స్‌లీ అనే అతని గుర్రం కుంటి, మధ్యలోనే ఆగిపోవాల్సి వచ్చింది. మరుసటి ఏడు గుర్రం లేకుండానే వచ్చి అదే దారి తన కాళ్ళతో పరిగెత్తి 24 గంటల లోపే ముగించాడు. ఇవాళ మన ఐటీ జనం గొప్పగా చెప్పుకునే వంద మైళ్ళ పరుగులకి మూలం అదే.

ఈ రూలు ఆకాశంలోంచి ఊడిపడలేదు. 1892 అక్టోబరులో జర్మనీ, ఆస్ట్రియా-హంగరీ సైన్యాధికారులు బెర్లిన్‌కీ వియన్నాకీ మధ్య పందెం పెట్టుకున్నారు. వీళ్ళు అటు, వాళ్ళు ఇటు, దాదాపు 580 కిలోమీటర్లు. గెలిచిన స్టార్‌హెంబర్గ్ అనే ఆస్ట్రియా అధికారి మూడు రోజుల లోపే బెర్లిన్ చేరాడు. బహుమతి అతనికొచ్చింది, గుర్రం చచ్చిపోయింది. మొత్తం మీద ఇరవైకి పైగా గుర్రాలు అలాగే పోయాయి. యూరప్ పత్రికలు దుమ్మెత్తి పోశాయి.

ఇప్పుడు మన వైపు వద్దాం. టెవిస్‌లో ముందుండేవి ఎక్కువగా అరబ్బీ గుర్రాలు. ఆ అరబ్బీ గుర్రాలు ఐదొందల ఏళ్ళ కిందటే మన గడ్డ మీదికి వేల లెక్కన వచ్చాయి. విజయనగరం బతికిందే వాటి మీద. నూనిజ్ అనే పోర్చుగీసు వ్యాపారి రాసిన దాని ప్రకారం కృష్ణదేవరాయలు ఏడాదికి 13,000 గుర్రాలు కొనేవాడు, హోర్ముజ్ నుంచి వచ్చినవీ, నాటువీ కలిపి. అంతకు ముందు సాళువ నరసింహుడి సంగతి ఇంకా చిత్రం. చచ్చినా బతికినా వెయ్యి పర్దావులకి మూడు గుర్రాల లెక్కన కొనేవాడట. సముద్రంలో చచ్చిపోతే వర్తకుడు తోక ఒక్కటి తెచ్చి చూపిస్తే చాలు, బతికున్నదానికి ఇచ్చే ధరే ఇచ్చేవాడు! ఇన్సూరెన్సు అంటే ఏమిటో మనవాళ్ళకి తెలీదనేవాళ్ళు ఇది చదవాలి.

ఎందుకంత అవసరం? ఇక్కడ గుర్రాలు నిలవలేదు. పదమూడో శతాబ్దం చివర్లో తమిళ దేశానికి వచ్చిన మార్కో పోలో, ఏటా వేల గుర్రాలు దిగుతాయి, ఏడాది తిరిగేసరికి కొన్నే మిగులుతాయి అని రాశాడు. వాటిని చూసుకోవడం తెలిసినవాళ్ళు లేరు, వండిన అన్నమూ మాంసమూ పెడతారు అని ఆయన ఫిర్యాదు. అందుకే రాయలు ఆముక్తమాల్యదలో రేవుల గురించీ, గుర్రాలు తెచ్చే దూరదేశపు వర్తకుల్ని మంచి చేసుకోవడం గురించీ పనిగట్టుకుని చెప్పాడు. 1510లో గోవా పోర్చుగీసుల చేతికి పోయాక ఆ అవసరం ఇంకా పెరిగింది. అదే రాయలు కళింగ దండయాత్ర రోజుల్లో మా అహోబిలం వచ్చి స్వామికి నగలు సమర్పించినట్టు అక్కడ శాసనం ఉంది. ఆ కొండదారిలో ఎన్ని గుర్రాలు నడిచుంటాయో, వాటిలో ఎన్ని మళ్ళీ హంపి చూసుంటాయో ఏ శాసనమూ చెప్పదు.

ఆ తర్వాత గుర్రం మా వైపు పాలకుడి వాహనంగానే మిగిలింది. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల కలెక్టరుగా ఉన్న మన్రో, డేరాల్లో కాపురం చేస్తూ గుర్రం మీదే తిరిగాడు. చివరికి 1827లో గవర్నరుగా పర్యటనకొచ్చి పత్తికొండలో కలరాతో పోయాడు. మద్రాసులో ఆయన విగ్రహం గుర్రం మీద ఉంటుంది, ఎక్కడానికి రికాబులు మాత్రం ఉండవు. 1846లో తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని మరుసటి ఏడు ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరి తీశారు. 2019లో సినిమా తీసినప్పుడు ఆయన్ని గుర్రమెక్కించారు. రైతు ఇంట్లో గుర్రం లేదు, ఎద్దే ఉంది. అహోబిలం స్వామి పారువేటకి నలభై రోజులకు పైగా ముప్పై పైచిలుకు ఊళ్ళు తిరిగేదీ గుర్రం మీద కాదు, మనుషుల భుజాల మీద పల్లకిలో.

కాబట్టి మాకు ఓర్పు పందెం అంటే బండలాగుడే. శివరాత్రికి మహానందిలో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని పళ్ళని బట్టి విభాగాలు. కాడికి గొలుసు కట్టి, ఇచ్చిన టైములో బండని ఎన్ని అడుగులు లాగితే అంత. ఉలవలూ పత్తిగింజలూ పెట్టి పిల్లల కంటే ముద్దుగా సాకుతారు. పందెంలో మాత్రం చర్నాకోల దెబ్బలు లెక్కపెట్టేవాడు ఉండడు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా తాత ఒక జత కట్టాడు. ఇంకా నాలుగైదు నిమిషాలు టైముంది, మాది రెండో స్థానం ఖాయమనుకుంటున్నాం. దాపటి ఎద్దు నోట నురగ, ముందు కాళ్ళు ఒక్కసారి వంగాయి, మళ్ళీ లేచింది. జనం ఈలలు. తాత చెయ్యెత్తి కాడి దించేశాడు. మా నాయన "అంత ఖర్చు పెడితిమి, ఇంగ రొంతసేపు గదా" అని అరిచాడు. తాత "రేప్పొద్దున మడక నువ్వు లాగుతావా?" అన్నాడు, అంతే. మా నాయన వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఊళ్ళో మమ్మల్ని "సగం బండోళ్ళు" అని పిలిచారు. నేనూ చాలా ఏళ్ళు తాత ఓడిపోయాడనే అనుకున్నాను. ఆబర్న్‌లో ఆ రాత్రి దాకా.

2014లో సుప్రీంకోర్టు జల్లికట్టునీ ఎడ్లబండి పందేలనీ ఆపమంది. 2023లో తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చేసుకున్న సవరణలు చెల్లుతాయంది. రెండుసార్లూ మన దగ్గర వాదన ఒక్కటే: సంస్కృతా, క్రూరత్వమా? ఆపాలా, వదిలెయ్యాలా? మధ్యలో ఇంకో దారి ఉందని, రూలు మారిస్తే పందెమే మారుతుందని ఎవరూ అనరు. లాగిన అడుగులు లెక్కపెట్టేముందు ఎద్దు ఆయాసం ఎంతసేపట్లో తగ్గిందో చూసి, తగ్గకపోతే ఆ అడుగులు కొట్టెయ్యండి. కొట్టి లాగించేవాడు తనంతట తనే చర్నాకోల కింద పెడతాడు.

పోయినసారి ఊరికెళ్ళినప్పుడు పందేలు నడిపే ఒక పెద్దాయనతో ఇదే అన్నాను. పక్కనున్న కుర్రాళ్ళు నవ్వారు, "సాఫ్ట్‌వేరన్న ఎద్దుకు ఈసీజీ తీపిస్తాడంట." పెద్దాయన నవ్వలేదు. "ఎద్దుకు నాడి యాడ దొరుకుతాది నాయనా?" అని అడిగాడు. నాకు తెలీదు. పశువుల డాక్టరుగా చేసే ఫ్రెండుకి అక్కడ్నుంచే ఫోన్ చేశా. తోక మొదట్లో, కింది వైపు వేలు పెట్టి చూడమన్నాడు. ఆ సాయంత్రం పెద్దాయన తన ఎద్దు వెనక నిలబడి తోక పట్టుకుని, నా సెల్‌ఫోన్‌లో సెకన్లు చూస్తూ లెక్కపెట్టుకున్నాడు. రెండుసార్లు లెక్క తప్పి మళ్ళీ మొదలుపెట్టాడు.