పైకెగిరిన గ్యాస్ మళ్ళీ కిందికొస్తుందా? పాలపుంత ఫౌంటెన్ కథ

ఈరోజు ఒక చిన్న డౌట్ నుంచి పుట్టిన పెద్ద కథ చెప్తాను.

మన పాలపుంత పళ్ళెంలా చదునుగా ఉంటుంది. దాన్నే డిస్క్ అంటాం. దాని చుట్టూ ఉన్న పెద్ద ప్రాంతం హేలో. 1950ల్లో గీడో మ్యూంచ్ అనే శాస్త్రవేత్త, డిస్క్‌కి చాలా దూరంగా కూడా గ్యాస్ మేఘాలు ఉన్నాయని గమనించాడు. చుట్టూ ఖాళీయే ఉంటే అవి ఎప్పుడో చెదిరిపోవాలి కదా?

1956లో లైమన్ స్పిట్జర్ ఏమన్నాడంటే, అక్కడ ఖాళీ లేదు. దాదాపు 10 లక్షల డిగ్రీల వేడితో, చాలా పలుచని గ్యాస్ ఉంది. దాని ఒత్తిడే మేఘాల్ని పట్టి ఉంచుతోంది. అప్పటికి ఆ గ్యాస్‌ని ఎవరూ చూడలేదు, అంతా లెక్కే!

అంత వేడి గ్యాస్ జాడ అతినీలలోహిత కాంతిలో, ఎక్స్‌రేల్లో దొరుకుతుంది. వాటిని మన వాతావరణం ఆపేస్తుంది. అందుకే 1972లో కోపర్నికస్ ఉపగ్రహం వెళ్ళాకే, నక్షత్రాల మధ్య లక్షల డిగ్రీల గ్యాస్ ఉందని తెలిసింది.

1976లో పాల్ షపీరో, జార్జ్ ఫీల్డ్ తర్వాతి మెట్టు ఎక్కారు. సూపర్‌నోవాలు పేలినప్పుడు వేడెక్కిన గ్యాస్, పాలు పొంగినట్టు డిస్క్ దాటి పైకెళ్తుంది. అక్కడ చల్లబడి, మూత మీద ఆవిరి చుక్కలై గిన్నెలోకే రాలినట్టు, కిందికి పడుతుంది. దీనికి 'గెలాక్టిక్ ఫౌంటెన్' అని పేరొచ్చింది.

మరి ఇందులో మనకేంటి? కొత్త నక్షత్రాలు పుట్టాలంటే గ్యాస్ కావాలి. పడేదంతా మన పాత గ్యాసే అయితే స్టాక్ పెరగదు, ఏదో ఒకరోజు అయిపోతుంది. బయటి నుంచి కొత్తది రావాలి.

ఏది పాతది, ఏది కొత్తది? నక్షత్రాల్లో తయారైన మూలకాలు చెప్తాయి. 'కాంప్లెక్స్ సి' అనే మేఘంలో అవి చాలా తక్కువ, అంటే ఎక్కువ భాగం బయటి సరుకే. 1963లో గెయిల్ స్మిత్ కనిపెట్టిన స్మిత్ మేఘం మాత్రం వేరు. అందులోని సల్ఫర్, మన డిస్క్ బయటి అంచుల్లో ఉన్నంత ఉందని 2016లో హబుల్ పరిశీలనలు చెప్పాయి. అంటే అది ఇక్కడి నుంచే వెళ్ళి ఉండాలి. ఇప్పుడు వెనక్కి వస్తోంది, ఇంకో 3 కోట్ల ఏళ్ళలో డిస్క్‌ని ఢీకొంటుంది!

కాబట్టి రెండూ ఉన్నాయి ఫ్రెండ్స్, మన గ్యాసూ తిరిగొస్తోంది, కొత్తదీ చేరుతోంది. అంతరిక్షంలో పెద్ద టెలిస్కోప్ పెట్టాలని 1946లోనే రాసింది కూడా స్పిట్జరే. 1990లో హబుల్ వెళ్ళడం చూశాడు. 1997లో చనిపోయాడు కాబట్టి, స్మిత్ మేఘం గురించి అది చెప్పిన జవాబు మాత్రం వినలేకపోయాడు.