దక్షిణ అమెరికా పోయే ముందు ఒకసారి పళవేర్కాడు



దక్షిణ అమెరికాకు బృందంగా పోయివచ్చే యాత్రల గురించి మనవాళ్ళు కొందరు నన్ను అడుగుతున్నారు. పాత ఊళ్ళు, చర్చీలు, మేడలు చూపించి, చివర రెండు రోజులు ద్రాక్షతోటల్లో తిప్పి పంపే యాత్రలవి. పిల్లలు విదేశాల్లో ఉన్నవాళ్ళకు ఇప్పుడది అంత దూరంగా అనిపించడం లేదు. శక్తి ఉన్నవాళ్ళు తప్పకుండా పోయి రావాలి. కాకపోతే ఆ ఊళ్ళను కట్టించిన దొరలే మన వాకిటికి కూడా వచ్చారు. ముందు మన వాకిట్లో వాళ్ళు వదిలిపోయింది చూసుకుంటే, అక్కడ కనపడేది ఇంకా బాగా అర్థమవుతుంది. ఈ వ్యాసం దాని గురించే.

పాత కట్టడం ఏది చూసినా మూడు ప్రశ్నలు వేసుకోవాలని నా అభిప్రాయం. ఇది ఎవరి డబ్బు? ఎవరి చేతులు? ఇప్పుడు దీన్ని ఎవరు కాపాడుతున్నారు? గైడు మొదటి ప్రశ్నకు గడగడా జవాబు చెప్తాడు. రెండోదానికి ఎవరైనా అడిగితేనే చెప్తాడు. మూడోది మన కళ్ళతో మనం చూసుకోవలసిందే.

మొదట ఒక తేదీ చెప్తాను. 1500వ సంవత్సరం మార్చిలో కబ్రాల్ అనే బుడతకీచు నాయకుడు ఓడల గుంపుతో లిస్బన్ నుంచి బయలుదేరాడు. ఆయన పోవలసింది కోళికోడుకు. ఆఫ్రికాను చుట్టి రావడానికి పడమరగా బాగా లోపలికి పోయిన ఆ ఓడలకు ఏప్రిల్‌లో ఒక కొత్త నేల కనపడింది. అదే బ్రెజిల్. అక్కడ కొద్దిరోజులు ఆగి, అవే ఓడలు సెప్టెంబరులో కోళికోడు చేరాయి. బ్రెజిల్ చరిత్రలో బుడతకీచుల మొదటి పుట, మన దేశానికి వచ్చే దారిలో రాసిన పుట.

ఆ దారిలో సరుకులు కూడా వచ్చాయి. మిరపకాయ, వేరుశనగ, జీడిమామిడి, జామ, సీతాఫలం అన్నీ అమెరికా ఖండాలవే. మా వైపు తెలుగిళ్ళలో పరంగికాయ అంటే బొప్పాయి. పక్కింటి తమిళులకు పరంగిక్కాయ్ అంటే గుమ్మడికాయ. ఒకే మాట రెండు కాయలకు అతుక్కుంది. తమాషా ఏమంటే ఆ రెండు కాయలూ అమెరికావే, రెండింటికీ పేరు పెట్టింది పరంగివాళ్ళను చూసే.

ఇక పళవేర్కాడుకు వద్దాం. తెలుగులో దాని సరస్సును ప్రళయకావేరి అంటాం. స.వెం. రమేశ్ గారి ‘ప్రళయకావేరి కథలు’ చదివినవాళ్ళకు ఆ నీళ్ళు, ఆ దిబ్బలు, అక్కడి తెలుగు కొత్త కాదు. ఆరంబాక్కంలో రైలెక్కితే ఎళావూరు, గుమ్మిడిపూండి, కవరైపేట దాటి పొన్నేరి. అక్కడినుంచి బస్సు. పొద్దున పోయి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు.

బుడతకీచులు 16వ శతాబ్దం మొదట్లోనే ఇక్కడ దిగారు. మహిమ మాత చర్చి మూలం 1515 నాటిదని అక్కడివాళ్ళు చెప్తారు. ఇప్పుడు మనం చూసే గుడి తర్వాత కట్టినది. వాళ్ళ వెనకే ఒలందావారు, అంటే డచ్చివారు వచ్చారు. అప్పుడు ఈ సీమ అరవీటి వెంకటపతి రాయలది. 1610లో ఆయన అనుమతితో ఒలందావారు ఇక్కడ వర్తకం పెట్టుకున్నారు. 1612లో బుడతకీచులు వాళ్ళ మీద పడ్డారు. దాంతో 1613లో కోట లేచింది. దానికి గెల్డ్రియా అని తమ దేశంలోని ఒక సీమ పేరు పెట్టుకున్నారు. చోళమండల తీరం మొత్తానికి ఒలందా వర్తకానికి అదే పెద్ద కచేరి. అక్కడ నాణేలు ముద్రించారు, తుపాకి మందు తయారుచేశారు.

ఎవరి డబ్బు అనే ప్రశ్నకు ఇక్కడ జవాబు గుడ్డ. సాలెలు, దేవాంగులు, కైక్కోలర్లు నేసిన నూలు బట్టను ఇక్కడ కొని, తూర్పు దీవులకు పోయి, దాన్ని ఇచ్చి లవంగం, జాజికాయ తెచ్చుకునేవారు. ఆ దీవులవాళ్ళకు వెండికంటే మన బట్ట ముద్దు. గళ్ళ రుమాలుకు పులికాట్ అన్న పేరే యూరప్ భాషల్లోకి ఎక్కింది.

ఎవరి చేతులు అనే ప్రశ్నకు జవాబు అంత హాయిగా ఉండదు. కరువు వచ్చిన ఏళ్ళలో తిండికి లేక తమను తాము, తమ బిడ్డలను అమ్ముకున్నవాళ్ళను ఇదే రేవులో ఓడలెక్కించి బటేవియాకు బానిసలుగా పంపారు. వేలమంది. వాళ్ళకు సమాధి లేదు, రాయి లేదు. సమాధులున్నది దొరలకు. ఒలందా శ్మశానం వాకిట రెండు వైపులా చెక్కిన ఎముకల గూళ్ళను చూడండి. లోపల 17వ శతాబ్దపు రాళ్ళమీద అక్షరాలు ఇప్పటికీ వేలితో తడిమి చదివేటంత లోతుగా ఉన్నాయి.

మూడో ప్రశ్న దగ్గరికి వస్తే ఈ ఊరు మంచి పాఠం చెప్తుంది. శ్మశానాన్ని భారత పురావస్తు శాఖ కాపాడుతోంది. మసీదులో నీడగడియారం ఉంది, అక్కడ నమాజు నడుస్తోంది. చర్చిలో పూజలు నడుస్తున్నాయి. లాటరైట్ రాయితో కట్టిన ఆదినారాయణ పెరుమాళ్ గుడిలో రామాయణ ఘట్టాలు చిన్నచిన్న శిల్పాలుగా ఉన్నాయి. ఆ రాయి చిల్లులు చిల్లులుగా ఉంటుంది, ఉప్పుగాలికి త్వరగా తినుకుపోతుంది, అందుకని ఆలస్యం చేయకుండా చూడవలసింది అదే. ఇంతకీ అన్నిటికంటే బలమైన కోట ఏమయింది? 1806లో ఇంగ్లీషువాళ్ళు దాన్ని పడగొట్టారు. 1825కు ఊరే వాళ్ళ చేతికి వచ్చింది. ఇప్పుడు అక్కడ మిగిలింది కందకం ఆనవాళ్ళు, పొదలు. ఫిరంగులు పెట్టుకున్న గోడ పోయింది, దీపం పెట్టే గోడ నిలిచింది.

పులికాట్‌లో ఒలందావారి పక్కన ఇమడలేని ఇంగ్లీషువాళ్ళు 1626లో కాస్త ఉత్తరంగా దుగరాజపట్నంలో కొట్టు పెట్టారు. దాన్ని వాళ్ళు ఆర్మగాన్ అన్నారు. అక్కడా కుదరక ఫ్రాన్సిస్ డే దక్షిణానికి దిగి, 1639 ఆగస్టు 22న దామెర్ల వెంకటప్ప నాయకుల దగ్గర ఒక ఇసుకతిన్నెకు పట్టా పొందాడు. నాయకుల తండ్రి చెన్నప్ప పేరుతో చెన్నపట్నం వెలిసింది. మద్రాసు రేవు పుట్టింది అలా. ఈ రేవు సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు సముద్రం దాటుదాం. బ్రెజిల్‌లో సాల్వడార్ అని ఒక నగరం. 1549లో కట్టారు, 1763 వరకు అదే రాజధాని. రంగురంగుల మేడలు, లోపలంతా బంగారు రేకు తాపిన సాన్ ఫ్రాన్సిస్కో చర్చి చూసి యాత్రికులు నోరు తెరుస్తారు. ఆ మేడలున్న పేటను పెలోరిన్యో అంటారు. ఆ మాటకు అర్థం బానిసలను కట్టేసి కొట్టే స్తంభం. ఆ పేటలోనే ఒక నీలిరంగు చర్చి ఉంది, రోజరీ మాతది. దాన్ని కట్టుకున్నది నల్లవాళ్ళ సంఘం. పగలు యజమాని పని చేసి, మిగిలిన వేళల్లో తమ గుడి పని చేసుకున్నారు. పూర్తికావడానికి దాదాపు నూరేళ్ళు పట్టింది. మనలాంటి సంఘమే అది, చందాలు వేసుకుని, చావుకు బతుకుకు ఒకరికొకరు నిలబడే సంఘం.

ఇందులో మన దేశపు పోగు కూడా ఒకటుంది. ఆఫ్రికాలో అంగోలా తీరాన మనుషులను కొని బ్రెజిల్‌కు తోలేటప్పుడు, మారకంగా ఇచ్చిన సరుకుల్లో భారతదేశపు నూలు బట్టలు ముఖ్యమైనవి. నేసినవాడికి తన బట్ట ఎక్కడికి పోతుందో తెలియదు. అయినా ఆ మేడల ముందు ఫోటో తీసుకునేటప్పుడు మనకు తెలిసి ఉండటం మంచిది.

రెండో ఊరు గయానా దేశంలోని జార్జిటౌన్. మన చెన్నైలోనూ ఒక జార్జిటౌన్ ఉంది కదా, ఇది వేరే జార్జి రాజు పేరు. 1812కు ముందు దాని పేరు స్టాబ్రుక్, ఒలందావారి ఊరు. సముద్రం పోటెత్తితే నీళ్ళకంటే ఊరి నేలే కిందుగా ఉంటుంది. అందుకే సముద్రానికి అడ్డంగా కట్ట, కాలవలు, తలుపులెత్తి నీళ్ళు వదిలే తూములు. ఇళ్ళు చెక్కవి, స్తంభాలమీద ఎత్తుగా కట్టినవి. 1892లో తెరిచిన సెయింట్ జార్జి చర్చి మొత్తం చెక్కే, ఎత్తు 143 అడుగులు. ఆ తీరం పొడుగునా కట్టలు, కాలవలు తవ్వింది ఆఫ్రికా బానిసలు. 1838లో వాళ్ళకు పూర్తి విడుదల దొరికింది. అదే ఏడాది చెరుకుతోటలకు కూలీలుగా మన దేశంనుంచి మొదటి ఓడలు చేరాయి.

మొదటి ఓడలు కలకత్తావి. 1845 నుంచి మద్రాసు రేవు ఓడలూ పోయాయి. 1917లో ఆగిపోయేలోపు ఆ ఒక్క దేశానికి పోయిన భారతీయులు రెండు లక్షల ముప్పై వేలకు పైనే. అందులో మద్రాసు రేవువాళ్ళు చిన్న భాగం, తమిళులూ తెలుగువాళ్ళూ. నేను ఉద్యోగమంతా రిజిస్టర్లతో గడిపినవాణ్ణి. అందువల్లనేమో ఆ వలస కాగితాల గురించి చదివినప్పుడు కడుపులో దేవినట్టయింది. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు. ఇన్ని గడులు నింపి ఓడెక్కించిన మనిషికి అక్కడ దిగాక మిగిలింది ఒకే పేరు, మద్రాసీ. వాళ్ళ మనవళ్ళ కాలానికి తమిళమూ పోయింది, తెలుగూ పోయింది. పోనిది అమ్మవారి పూజ, ఆ పూజలో కొట్టే తప్పెట. ఈ రోజుకూ గయానా కాళీ గుళ్ళలో దాన్ని తప్పు అనే అంటారు.

మూడోది ద్రాక్షసీమ. అర్జెంటీనాలో ఆండిస్ కొండల పాదాన మెండోసా. వాన చాలా తక్కువ. కొండమీది మంచు కరిగిన నీళ్ళను కాలవల్లో తెచ్చి పంట తీయడం అక్కడి హువార్పే ఆదివాసులకు స్పెయిన్‌వాళ్ళు రాకముందే తెలుసు. 1861లో భూకంపం ఊరిని నేలమట్టం చేసింది. తర్వాత కట్టిన ఊళ్ళో గోడలు కూలినా మనుషులు నిలబడటానికి చోటుండేలా వెడల్పు వీధులు, పెద్ద మైదానాలు వదిలారు. వీధి పక్కన చెట్లవరసకు ఆ పాత పద్ధతి కాలవలే నీళ్ళు ఇస్తున్నాయి. 1885లో రైలు వచ్చింది. రైలుతో ఇటలీ, స్పెయిన్ నుంచి జనం వచ్చారు, పీపాలు బ్యూనస్ ఎయిర్స్‌కు పోయాయి, ద్రాక్షసారా సీమ అయింది. రైల్వేవాళ్ళకు ఒక ముచ్చట చెప్పాలి. ఆ లైను పట్టాల మధ్య వెడల్పు 1676 మిల్లీమీటర్లు. మన ఆరంబాక్కం స్టేషను ముందు పరిచిన బ్రాడ్‌గేజి కూడా సరిగ్గా అంతే.

మెండోసాలో స్పెయిన్‌వాళ్ళు కట్టిన పాత ఊరు భూకంపంలో పోయింది. ఆదివాసుల కాలవ మాత్రం బతికింది, ప్రతిరోజూ ఎవరో ఒకరికి దాని నీళ్ళు కావాలి కనుక. పళవేర్కాడు గుడి, మసీదు, సాల్వడార్ నీలి చర్చి, గయానా తప్పెట అన్నీ అదే చెప్తున్నాయి. జనానికి పని ఉన్నంతకాలం ఏదైనా నిలుస్తుంది.

మన భాష సంగతీ అంతే. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ఇటు వచ్చింది, మన సరిహద్దు ఖాయమయింది. గీతకు ఇటు ఉన్న మనం ఓడెక్కలేదు, ఉన్నచోటే ఉన్నాం. అయినా నాలాంటివాళ్ళు తమిళ బడిలోనే చదివాం. తమిళం నాకు అన్నం పెట్టింది, దానిమీద నాకు గౌరవమే. తెలుగు అక్షరాలు మాత్రం ఇంట్లో మా నాయన పలకమీద దిద్దించబట్టి వచ్చాయి. ఆయన ఆ పని చేయకపోతే ఈ వ్యాసం లేదు. మన మనవళ్ళు ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నారు, చాలామందికి చదవడం రాదు. గయానాలో పోయింది కూడా మొదట రాతే అయి ఉంటుంది, మాట తర్వాత.

అందుకని సంఘానికి నా మనవి రెండు. చలికాలంలో ఒక ఆదివారం అందరం పిల్లలతో కలిసి పళవేర్కాడు పోదాం. గుడి, మసీదు, చర్చి, శ్మశానం, కోట దిబ్బ చూసి, ఒక్కొక్క పిల్లవాడూ తాను చూసినదాన్ని ఒక పేజీ తెలుగులో రాయాలి. రాయలేనివాళ్ళకు పక్కన కూర్చుని పెద్దవాళ్ళు రాయించాలి. రెండోది, మీ ఇళ్ళలో తాతముత్తాతలు రంగూన్‌కో, మారిషస్‌కో, డెమరారాకో ఓడెక్కారన్న మాట ఏదైనా ఉంటే, పేరు, తండ్రి పేరు, ఊరు మూడూ ఒక కాగితం మీద రాసి తెండి. ఆ రిజిస్టరు రాసే పని నేను చేస్తాను.