కొత్తిమీర: ఒకే మొక్క, రెండు వాసనలు

కొత్తిమీర పుట్టిల్లు మధ్యధరా సముద్రపు తూర్పు తీరం, పశ్చిమాసియా అని వృక్షశాస్త్రజ్ఞుల అంచనా. జీలకర్ర, వాము, సోంపు, క్యారట్ దీని కుటుంబంలోవే. అయితే దీని అడవి మూలం ఇదీ అని నిక్కచ్చిగా చూపగలిగిన మొక్క లేదు. చేలగట్ల మీద తనంతట తాను మొలిచే కొత్తిమీర చాలాచోట్ల సాగు నుంచి జారిపోయిన విత్తనమే కావచ్చు. తవ్వకాల్లో బయటపడ్డ ధనియాల్లో అతి పాతవి ఇజ్రాయెల్‌లోని నహల్ హెమార్ గుహలో, కొత్తరాతియుగపు పొరల్లో దొరికాయి. క్రీ.పూ. 14వ శతాబ్దపు తూతన్‌ఖామున్ సమాధిలోనూ ధనియాలున్నాయి. గ్రీసులోని పైలోస్ రాజభవనంలో దొరికిన, క్రీ.పూ. 1200 ప్రాంతపు మట్టిపలకల్లో ధనియాలు అత్తరు కాచేవాడికిచ్చిన సరుకుల జాబితాలో కనిపిస్తాయి. అంటే వంటింటికి ఎంత పాతవో, పరిమళాల తయారీకీ ధనియాలు దాదాపు అంత పాతవే. మన దేశంలో పాణిని సూత్రాల్లోనే ‘కుస్తుంబురు’ పేరుతో వీటి ప్రస్తావన ఉంది.

ధనియాలూ కొత్తిమీర ఆకూ ఒకే మొక్కవైనా వాసనలో పొంతన లేదు. ఎండిన ధనియాల నూనెలో సగానికి పైగా, తరచు మూడింట రెండు వంతుల దాకా, లినలూల్ అనే పదార్థమే ఉంటుంది. తియ్యగా, పూలను తలపించే వాసన దానిది. ఆకు ఘాటంతా ఆల్డిహైడ్‌లది. వాటిలో డెకనాల్, 2-డెసెనాల్, 2-డోడెసెనాల్ ముఖ్యమైనవి. నల్లులూ కొన్ని చేను పురుగులూ వదిలే కంపులో కూడా ఈ కోవ పదార్థాలే ఉంటాయి. ఆకు వాసన కొందరికి సబ్బులా తోచడానికి ఒక కారణం వాసనను పట్టే ఓఆర్6ఏ2 అనే జన్యువులోని తేడా కావచ్చని 2012లో ఒక పరిశోధన చూపింది.

ఈ రెండు వాసనలూ కాయలోనే ఒకదాని తర్వాత ఒకటి నడుస్తాయి. పచ్చి కాయ ఆకులాగే వాసన వేస్తుంది. కాయలో నూనె నాళాలు రెండు రకాలు. పైపొరలోని వాటిలో ఆల్డిహైడ్‌లు, లోపలి వాటిలో లినలూల్ ఉంటాయి. కాయ పండి ఎండేకొద్దీ పైనాళాలు చదునై ఖాళీ అవుతాయి, లోపలివి నిలుస్తాయి. పచ్చిగా ఉండగానే కోసిన పంటలో ఆకు కంపు మిగిలిపోవడానికి కారణం ఇదే.

సాగు రకాలను విడదీయడానికి పాత కొలమానం గింజ పరిమాణం. 3 మిల్లీమీటర్లకు పైబడిన లావు గింజల రకాలు మన దేశంలోనూ మొరాకోలోనూ ఎక్కువ. వీటిలో నూనె సాధారణంగా అర శాతం కూడా ఉండదు. అంతకన్నా చిన్న గింజల రకాలు రష్యా, మధ్య ఐరోపా వైపువి. వాటిలో నూనె 0.8 నుంచి 1.8 శాతం దాకా ఉంటుంది. 19వ శతాబ్దం నుంచి రష్యాలో నూనె తీయడానికే ధనియాలు పండించారు. చల్లటి సీమలో పంట నెమ్మదిగా పెరిగి ఆలస్యంగా పండుతుంది. మన రకాలు త్వరగా పూతకొచ్చి మూడు నెలల అటూ ఇటూగా కోతకొస్తాయి. గింజలు కోలగా ఉండడం, నూనె తక్కువ కావడం కూడా భారతీయ రకాల లక్షణాలే. ఆ లోటు కూరల పొడికి పెద్దగా అడ్డు కాదు. ధనియాలు వేయిస్తే వేడికి కొత్త వాసనలు పుడతాయి. నూనె పరిశ్రమకు మాత్రం చిన్న గింజే లాభం.

తెలుగు నేల మీద ధనియాలు ప్రధానంగా నల్లరేగడి పంట. వానాకాలం వెళ్లాక నేలలో మిగిలిన తేమతో, మంచుతో గట్టెక్కుతాయి. గింజను రెండు బద్దలుగా నలిపి విత్తడం పాత అలవాటు. ప్రతి గింజలోనూ రెండు విత్తనాలుంటాయి కదా. గుంటూరు దగ్గరి లాం పరిశోధన కేంద్రం నుంచి సింధు, సాధన, స్వాతి రకాలు వచ్చాయి. సింధు వర్షాధార సాగుకు పనికొస్తుంది. స్వాతి త్వరగా పండుతుంది గనుక ఆలస్యంగా విత్తినవారికి అనువు. రాజస్థాన్‌లో కాండం మీద బుడిపెలు కట్టే తెగులు పెద్ద బెడద. దాన్ని తట్టుకునే ఆర్‌సీఆర్-41 రకం జోబ్నేర్ నుంచి వచ్చింది. పెద్ద ధనియాల మార్కెట్టు కోటా జిల్లాలోని రాంగంజ్ మండీ.

ఆకు కోసం పెంచేవారి కష్టం వేరు. ఎండ ముదిరి పగలు పొడుగైతే మొక్క గబగబా కాడ వేసి పూతకొస్తుంది. అడుగున ఉండే వెడల్పాటి ఆకులు ఆగిపోయి, పైన సన్నని దారాల్లాంటి ఆకులు మొదలవుతాయి. అప్పటికి కట్టకు ధర ఉండదు. కాడ ఆలస్యంగా వేసే శాంటో, కాలిప్సో వంటి రకాలను విదేశాల్లో పెంచేది ఇందుకే. గింజ కోసం ఎంచిన రకం ఆకుకూ బాగుంటుందనుకోవడం తొందరపాటు.

కొనేవారు చూసేది గింజ లావు, పసుపచ్చని నిగనిగ. ఆ రెండూ వాసనకు కొలతలు కావు. నాలుగు గింజలు వేళ్ల మధ్య నలిపి వాసన చూసి, పొడి కాకుండా గింజలే కొనుక్కోవడం మేలు.