పొటోమాక్ లోయలోని కంకర బాట: కాలువ గట్టు సైకిల్ మార్గంగా మారిన చరిత్ర

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• సరకు రవాణా కోసం తవ్విన కాలువ గట్టు సైకిల్ మార్గంగా మారిన క్రమాన్ని వివరించగలుగుతారు.
• ఆ మార్పులో వ్యాపార సంస్థలు, ప్రభుత్వం, పౌరులు వహించిన పాత్రను అంచనా వేయగలుగుతారు.
• ఈ అనుభవాన్ని మన డెల్టా కాలువల చరిత్రతో పోల్చగలుగుతారు.

1. పరిచయం

అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ నుంచి మేరీలాండ్ రాష్ట్రంలోని కంబర్లాండ్ వరకు, పొటోమాక్ నది వెంట 297 కిలోమీటర్ల బాట ఒకటి ఉంది. మట్టి, కంకర పరచిన ఈ బాట మీదికి మోటారు వాహనాలను రానివ్వరు. ఒకవైపు నది, మరొకవైపు పాత కాలువ, మధ్యలో సైకిలు తొక్కేవారు, నడిచేవారు కనిపిస్తారు. చూడవచ్చినవారికి ఇది ప్రకృతి ప్రసాదంలా తోస్తుంది. నిజానికి ఈ బాటను వేసింది సైకిళ్ల కోసం కాదు, దీన్ని మిగిల్చింది ప్రకృతీ కాదు. ఒక వ్యాపార సంస్థ వైఫల్యం వల్ల ఇది మిగిలింది, పౌరులు పట్టుబట్టడం వల్ల నిలిచింది. ఆ రెండు దశలను ఈ భాగంలో పరిశీలిద్దాం.

2. కాలువ నిర్మాణం

పొటోమాక్‌లో రాళ్లు, జలపాతాలు ఎక్కువ. అందువల్ల నదిలోనే పడవలు నడపడం కష్టం. నది పక్కన కాలువ తవ్వి పశ్చిమాన ఒహాయో నదిని అందుకోవాలన్న ఆశయంతో చెసాపీక్ అండ్ ఒహాయో కాలువ కంపెనీ ఏర్పడింది. 1828 జూలై 4న అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ తొలి పార మన్ను తీశాడు. సరిగ్గా అదే రోజున బాల్టిమోర్ నగరంలో బాల్టిమోర్ అండ్ ఒహాయో రైల్వేకు శంకుస్థాపన జరిగింది. ఒకే లోయలో పశ్చిమానికి సాగే దారి కోసం రెండు సంస్థల మధ్య పోటీ ఆ విధంగా మొదలైంది.

కాలువ పని కూలీల కష్టం మీద సాగింది. వారిలో ఐర్లండ్ నుంచి వలస వచ్చినవారు ఎక్కువ. 1832లో కలరా వారి శిబిరాలను చుట్టుముట్టింది. 1834లో కూలీల మధ్య ఘర్షణలు చెలరేగినప్పుడు అధ్యక్షుడు జాక్సన్ కేంద్ర సైన్యాన్ని పంపాడు. అమెరికాలో శ్రామిక వివాదంలో కేంద్ర సైన్యాన్ని దించడం అదే మొదటిసారి. పాపా అనే చోట కొండను తొలిచి వేసిన 950 మీటర్ల సొరంగానికి 1836 నుంచి 1850 వరకు పట్టింది.

ఈలోగా రైలు 1842లోనే కంబర్లాండ్ చేరింది. కాలువ అక్కడికి చేరేసరికి 1850 అయింది. ఆ పైన తవ్వడానికి కంపెనీకి శక్తి చాలలేదు. ఒహాయో నది ఆశయంగానే మిగిలిపోయింది.

3. గట్టు బాట స్వరూపం

ఈ కాలువలో పడవలను కంచర గాడిదలు లాగేవి. అవి గట్టు మీద నడుస్తుంటే తాడు చివర పడవ కదిలేది. కాబట్టి గట్టు బాట ఎక్కడా తెగకూడదు, నిటారుగా ఎక్కకూడదు. మొత్తం కాలువ పొడవునా ఎత్తు పెరిగేది 184 మీటర్లు మాత్రమే. ఆ ఎత్తును 74 లాకులకు పంచారు. ఉపనదులు అడ్డువచ్చిన చోట్ల 11 అక్విడక్టులు కట్టి, కాలువను, గట్టు బాటను వాటి మీదుగా దాటించారు. కోనసీమలో గన్నవరం అక్విడక్టును చూసినవారికి ఈ ఏర్పాటు సులభంగా అర్థమవుతుంది.

నేటి సైకిలు ప్రయాణికుడికి ఈ బాట సమతలంగా అనిపించడానికి కారణం ఇదే. లాకు దగ్గర చిన్న ఎత్తు ఎక్కితే, తరువాతి లాకు వరకు దాదాపు సమనేల. గాడిద సౌకర్యం కోసం చేసిన లెక్క నేడు సైకిలుకు సరిపోయింది.

4. వైఫల్యం మిగిల్చిన భూమి

కంబర్లాండ్ ప్రాంతపు బొగ్గు కాలువకు ప్రధాన ఆదాయం. 1870ల దశకంలో వ్యాపారం బాగా సాగింది. 1889 వరద కంపెనీని దివాలా తీయించింది, తరువాత అజమాయిషీ పోటీదారైన రైల్వే చేతికి వెళ్లింది. 1924 వరదతో పడవల రాకపోకలు ముగిశాయి. 1938లో కేంద్ర ప్రభుత్వం ఈ ఆస్తిని 20 లక్షల డాలర్లకు కొన్నది. ఆర్థిక మాంద్య కాలపు ఉపాధి పథకం కింద ఆఫ్రికన్ అమెరికన్ యువకులు వాషింగ్టన్ సమీపంలోని భాగాన్ని మరమ్మతు చేశారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. కాలువ చెడిపోయినా, దాని కింది నేల ముక్కలుగా అమ్ముడుపోలేదు. దాదాపు 300 కిలోమీటర్ల సన్నని పట్టీ ఒకే యజమాని చేతిలో నిలిచింది. ఇటువంటి పట్టీని కొత్తగా సమకూర్చాలంటే వేలాది కమతాలను సేకరించాలి. అసలైన వారసత్వ సంపద ఈ తెగని నేలే.

5. రహదారి ప్రతిపాదన, పౌరుల నడక

తెగని నేల అందరినీ ఆకర్షిస్తుంది. కాలువ వెంట విహార రహదారి వేయాలని 1950 నాటికి అధికారిక ప్రతిపాదన సిద్ధమైంది. మరింత మంది కారులో వచ్చి లోయను చూడవచ్చన్నది దాని వెనుక వాదన. అది తీసిపారేయదగిన వాదన కాదు. 1954 జనవరిలో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక సంపాదకీయం దానిని సమర్థించింది. సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం ఓ. డగ్లస్ అంగీకరించలేదు. తనతో కలిసి కాలువ పొడవునా నడిచి చూడమని సంపాదకుడిని ఆహ్వానిస్తూ ఆ పత్రికకే లేఖ రాశాడు. ఆ మార్చిలో నడక జరిగింది. చాలామంది తోడు నడిచినా, చివరిదాకా నడిచినవారు డగ్లస్‌తో కలిపి 9 మందే. పత్రిక తన వైఖరిని సవరించుకుంది. క్రమంగా రహదారి ఆలోచన వెనక్కి పోయింది. 1961లో ఈ కాలువ జాతీయ స్మారకంగా, 1971లో జాతీయ చారిత్రక ఉద్యానవనంగా గుర్తింపు పొందింది.

అనంతర కాలంలో కంబర్లాండ్ నుంచి పిట్స్‌బర్గ్ వరకు, చాలావరకు పాత రైలు మార్గాల మీద, 240 కిలోమీటర్ల గ్రేట్ అలెగనీ పాసేజ్ బాట రూపొంది 2013లో పూర్తయింది. కాలువ కంపెనీ అందుకోలేకపోయిన ఒహాయో నదిని నేడు సైకిలు మీద అందుకోవచ్చు. అయితే పొటోమాక్ వరదలు ఆగలేదు. 1996లోనే రెండుసార్లు గట్టు దెబ్బతిన్నది. బాటను నిలుపుకోవడం ఏటేటా ఖర్చుతో కూడిన పని.

6. మన కాలువలతో పోలిక

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టా కాలువలు సాగునీటికీ, పడవల రవాణాకూ ఉపయోగపడ్డాయి. గట్టు మీద నడుస్తూ మనుషులే తాళ్లతో పడవలు లాగేవారు. రైలు, లారీ వచ్చాక ఇక్కడా పడవలు తగ్గాయి. కాని పోలిక అక్కడితో ఆగుతుంది. పొటోమాక్ కాలువ ప్రధాన పని రవాణాయే. మన కాలువలు నేటికీ పొలాలకు నీరిస్తున్నాయి, గట్లు రైతులకు దారులు. అందువల్ల అక్కడి పరిష్కారం ఇక్కడ యథాతథంగా పనికిరాదు. అయితే ఒక ప్రశ్న రెండుచోట్లా ఒకటే: ప్రజల చేతిలో ఉన్న తెగని గట్టును దేనికి వాడాలో ఎవరు నిర్ణయించాలి?

7. సారాంశం

వాహనాలు లేని బాట దానంతట అది ఏర్పడదు. కూలీల శ్రమ దానిని నిర్మించింది, వ్యాపార వైఫల్యం దానిని ఖాళీ చేసింది, ప్రభుత్వ కొనుగోలు ముక్కలు కాకుండా ఉంచింది, పౌరుల వాదం రహదారి కాకుండా ఆపింది. వీటిలో ఏ ఒక్కటి లోపించినా ఈ బాట ఉండేది కాదు.

నమూనా ప్రశ్నలు

1. గట్టు బాట సమతలంగా ఉండడానికి సాంకేతిక కారణాలు వివరించండి.
2. 1954 నాటి వివాదంలో ఇరుపక్షాల వాదనలను విశ్లేషించండి.
3. మీ ప్రాంతంలో వాడుక తగ్గిన కాలువ గట్టు, రైలు కట్ట లేదా పాత బాట ఒకదానిని ఎంచుకోండి. ఆ భూమి నేడు ఎవరి అధీనంలో ఉందో, ఎవరు వాడుతున్నారో విచారించి ఒక పేజీ రాయండి.