షీటూర్: కట్టెపేడు నుంచి కొండదారికి

మనం ‘స్కీ’ అనే మాటను నార్వేవాళ్లు ‘షీ’ అని పలుకుతారు. పాత నార్స్ భాషలో దాని మూలరూపం ‘స్కీద్’. చీల్చిన చెక్క, కట్టెపేడు అని అర్థం. మంచులో కూరుకుపోకుండా కాళ్లకు కట్టుకున్న పలకకు ఆ పేరే నిలిచింది.

‘టూర్’ చేరిస్తే ‘షీటూర్’, అంటే షీలపై విహారం. అది మహాయాత్రే కానక్కర్లేదు. ఓస్లోలో మెట్రో ఎక్కి, ఫ్రోగ్నెర్‌సేతెరెన్‌లో దిగి, నూర్మార్కా అడవికొండల్లో మధ్యాహ్నం దాకా తిరిగొచ్చినా షీటూరే. చిన్న నడకకూ ఇంత గౌరవమివ్వడం నాకెంతో ఇష్టం.

ఎక్కుడు నిటారుగా ఉంటే పలక అడుగున ‘ఫెల్’, అంటే బొచ్చుతోలు, అంటిస్తారు. ఒకప్పుడది సీల్ చర్మం. వెంట్రుకలు వెనక్కి వాలి ఉంటాయి కనుక ముందుకు సాగనిస్తాయి, వెనక్కి జారనివ్వవు. ఇప్పుడు నైలాన్, మోహేర్ వాడుతున్నా పేరు మాత్రం ఫెల్లే.