కంటైనర్లలో ఒకటో నంబరు

1979లో వెలువడిన యూనిక్స్ ఏడో వెర్షన్‌లో సీహెచ్‌రూట్ అనే సిస్టమ్ కాల్ ఉండేది. ఒక ప్రాసెస్‌కు కనిపించే ఫైళ్లను ఒక డైరెక్టరీకే కట్టడి చేయడం దాని పని. ప్రాసెస్‌ల పట్టిక, నెట్‌వర్క్, యూజర్ ఐడీలు మాత్రం ఉమ్మడిగానే ఉండేవి. ఆ లోటును 2000లో ఫ్రీబీఎస్‌డీ 4.0లోని ‘జైల్’ చాలావరకు తీర్చింది. లినక్స్ ఆ దారి పట్టలేదు. ‘నేమ్‌స్పేస్’ల పేరుతో కెర్నల్‌ను ఒక్కో భాగంగా విడదీసింది: 2002లో మౌంట్లు, 2006లో హోస్ట్‌నేమ్, ఐపీసీ. యూజర్ నేమ్‌స్పేస్ 2013 ఫిబ్రవరిలో 3.8 కెర్నల్‌తో ఒక కొలిక్కి వచ్చింది. ఇలా వేరుచేసిన ప్రాసెస్‌లను కంటైనర్లుగా నడిపే డాకర్ మరుసటి నెలలో లోకానికి పరిచయమైంది. కంటైనర్ల చరిత్రను అక్కణ్నుంచి మొదలుపెట్టేవాళ్లు అసలు కథను వదిలేస్తున్నారు.

ఆ కథలో ఆసక్తికరమైన ఘట్టం ప్రాసెస్ నంబర్లది. 2008 జనవరిలో వచ్చిన 2.6.24 కెర్నల్‌లో ప్రాసెస్ నంబర్లను వేరుచేసే పీఐడీ నేమ్‌స్పేస్ చేరింది. కంటైనర్‌లో ఒకటో నంబరుగా కనిపించే ప్రాసెస్‌కు బయట వేరే నంబరు ఉంటుంది; నేమ్‌స్పేస్‌లు ఎన్ని అంతరువులుగా ఉంటే అన్ని నంబర్లు. లోపలి ఒకటో నంబరు ప్రాసెస్ పోతే ఆ నేమ్‌స్పేస్‌లోని మిగతావాటన్నిటినీ కెర్నల్ చంపేస్తుంది. ఇంత శ్రమ వెనుక భద్రత ఒక్కటే లేదు. నడుస్తున్న ప్రోగ్రామును ఆపి, దాని స్థితిని భద్రపరచి, మరో యంత్రంలో కొనసాగించాలన్న కోరిక కూడా బలంగా ఉంది. వర్చువల్ మెషీన్‌కు సొంత కెర్నల్ ఉంటుంది కాబట్టి దాన్ని మొత్తంగా తరలించవచ్చు. కంటైనర్‌లోని ప్రాసెస్ ఆనవాళ్లు మాత్రం ఉమ్మడి కెర్నల్ అంతటా చెదిరి ఉంటాయి. పైగా కొత్త చోట పాత నంబరే దొరకాలి.

ఎరిక్ బీడర్‌మన్, సెర్జ్ హాలిన్, డానియెల్ లెజ్‌కానోలతో కలిసి 2008లో ఈ విషయమై పరిశోధనా పత్రం రాసిన సుకదేవ్ భట్టిప్రోలు, ఆ తర్వాత ‘ఈక్లోన్’ అనే సిస్టమ్ కాల్‌ను ప్రతిపాదించారు. పుట్టబోయే ప్రాసెస్‌కు ఏ నంబరు కావాలో ముందే చెప్పుకొనే వీలు అందులో ఉంది. ప్రాసెస్‌లను పుట్టించే క్లోన్ కాల్‌లో కొత్త ఫ్లాగులకు చోటు అయిపోవస్తున్న సమస్యకూ అది జవాబే. కెర్నల్ ప్రధాన శాఖ దాన్ని స్వీకరించలేదు. 2011లో పావెల్ ఎమెల్యనోవ్ మొదలుపెట్టిన ‘క్రియు’ అనే సాధనం, ప్రాసెస్‌లను ఆపి మళ్లీ కొనసాగించే పనిలో సింహభాగాన్ని కెర్నల్ బయటికి తెచ్చింది. అయినా నంబరు చిక్కు పూర్తిగా తీరలేదు. 2019లో 5.3 కెర్నల్‌లో క్లోన్3 చేరింది. 2020 జనవరిలో 5.5 వచ్చాక, కోరిన నంబరుతో ప్రాసెస్‌ను పుట్టించే సౌకర్యం దానికి అమరింది.