‘అన్‌లెస్’ దగ్గర ఆగే బండి: బిలాస్‌పూర్ తెలుగువారి ఇంగ్లీషులో ఉపవాక్యం

బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో ఏర్పడింది. నాగపూర్ నుంచి ఆసన్‌సోల్ దాకా మెయిన్ లైను 1891లో పూర్తవడంతో ఆ దారిలోని బిలాస్‌పూర్ దశ తిరిగింది. 1931లో రాయపూర్–విజయనగరం లైను తెరిచాక ఉత్తరాంధ్రవాళ్ళకు ఇటు రావడం సుళువైంది. రైలు పనుల వెంట వచ్చి స్థిరపడ్డ కుటుంబాల పిల్లలకు ఇంట్లో తెలుగు, బళ్ళో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ. ఇంగ్లీషు పరీక్షల భాష. ఇంగ్లీషు ఉపవాక్యం ఈ పిల్లల చేతిలో ఎక్కడ తడబడుతుందో, ఎందుకు తడబడుతుందో చూడటమే ఈ వ్యాసం పని. ఇది సర్వే కాదు, నిర్మాణాల పోలిక.

పూర్తి అర్థాన్నిచ్చే పదాల కూర్పు వాక్యమని బళ్ళో చెబుతారు. ఈ నిర్వచనం ఎక్కువ దూరం నడవదు. ‘ద ట్రైన్ వాజ్ లేట్’ పూర్తి వాక్యం. దాని ముందు ‘బికాజ్’ చేర్చగానే అసంపూర్ణమైపోతుంది. కర్త అలాగే ఉంది, క్రియ మారలేదు, కాలం మారలేదు, అర్థం పెరిగింది కూడా. మాట చేరితే వాక్యం తరిగిపోవడం పిల్లవాడికి వింతగానే ఉంటుంది. తెలుగులో ఆ చిక్కు రాదు. ‘బండి లేటైంది’ అంటే ముగిసింది. ‘బండి లేటైనందువల్ల’ అంటే ముగియలేదని క్రియే చెప్పేస్తుంది. వచ్చి, వస్తూ, వస్తే, వచ్చినా: మన వ్యాకర్తలు వీటికి క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం, అప్యర్థకం అని పేర్లు పెట్టారు. ఇవన్నీ అసమాపక క్రియలే. సమాపక క్రియ కనబడితే వాక్యం ముగిసినట్టేనన్న నమ్మకం తెలుగు చెవికి ఇక్కడే కుదురుతుంది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో (1858) వాక్యానికి విడిగా పరిచ్ఛేదం లేదు. ఆ లోటు తీర్చే పని గట్టిగా సాగింది భాషావేత్త చేకూరి రామారావు ‘తెలుగు వాక్యం’తోనే. బడి వ్యాకరణం మాత్రం ఇప్పటికీ సంధులూ సమాసాల దగ్గరే తిరుగుతోంది.

ఈ లెక్కన తెలుగు పిల్లవాడు ‘బికాజ్ ద ట్రైన్ వాజ్ లేట్’ అని రాసి చుక్క పెట్టడంలో ఆశ్చర్యం లేదు. పైగా ‘నేను రాలేదు. ఎందుకంటే బండి లేటైంది’ అని తెలుగులోనే రెండు వాక్యాలుగా రాస్తాం, అచ్చు వేస్తాం. ‘ఎందుకంటే’ తర్వాత సమాపక క్రియే వస్తుంది. హిందీ ‘క్యోంకి’, ఛత్తీస్‌గఢీ ‘కాబర్ కే’ తర్వాతా అంతే. రెండు భాషలను పోలిస్తే నేర్చుకొనేవాడి కష్టాన్ని ముందే ఊహించవచ్చని భాషావేత్త రాబర్ట్ లాడో 1957లో వాదించాడు. బిలాస్‌పూర్‌లో పోల్చవలసిన భాషలు రెండుతో సరిపోవు. అవన్నీ ఒకే వైపు లాగితే తప్పు గట్టిపడుతుంది.

అయితే ఉపాధ్యాయుల ఎర్రసిరా ఎక్కువగా ఖర్చయ్యేది ఈ తెగిన వాక్యాల మీదే. అసలు ప్రమాదం మాత్రం పూర్తి వాక్యం లోపల ఉంది. రైల్వే పట్టణం కాబట్టి రైల్వే ఉదాహరణే తీసుకుందాం. బండ్లు నడిపే అబ్సల్యూట్ బ్లాక్ పద్ధతిలో ముందు స్టేషను నుంచి ‘లైన్ క్లియర్’ అనే అనుమతి అందనిదే బండిని బయలుదేరనివ్వకూడదు. 1976 నాటి జనరల్ రూల్స్‌లో ఈ నియమం ‘అన్‌లెస్’తో ఉంటుంది. అందులో ప్రధాన వాక్యాన్ని ఒంటరిగా చదవండి: ఏ బండినీ బయలుదేరనివ్వకూడదు. వ్యాకరణం ప్రకారం నిండు వాక్యం, నియమంగా చూస్తే శుద్ధ అబద్ధం. నియమం ప్రాణమంతా ‘సబార్డినేట్’ అని చిన్నచూపు చూసిన ఉపవాక్యంలో ఉంది.

ఇక ‘అన్‌లెస్’ సంగతి. వ్యతిరేకార్థం దాని కడుపులోనే ఉంది కనుక వెనక ‘నాట్’ అక్కర్లేదు. తెలుగు ‘అందనిదే’లో వ్యతిరేకం క్రియకు అంటుకుని ఉంటుంది. హిందీ ‘జబ్ తక్’ పక్కన క్రియతో ‘న’ గానీ ‘నహీఁ’ గానీ తప్పకుండా వస్తుంది. ఇంటి భాష, బడి భాష రెండూ క్రియను వ్యతిరేకంలో పెట్టమని చెబుతుంటే పిల్లవాడు ‘అన్‌లెస్ లైన్ క్లియర్ ఈజ్ నాట్ రిసీవ్డ్’ అని రాస్తాడు. కర్త ఉంది, క్రియ ఉంది, ప్రధాన వాక్యమూ ఉంది. తెగిన వాక్యాల కోసం వెతికే కంటికి తప్పు కనపడదు. అర్థం మాత్రం తలకిందులైంది: లైన్ క్లియర్ రాకపోతేనే బండి కదలవచ్చు! పట్టాల మీద దీనివల్ల కొంప మునగదు లెండి. బ్లాక్ ఇన్‌స్ట్రుమెంట్లు, ప్రైవేటు నంబర్లు వంటి రక్షణలు ఉన్నాయి. బండ్లు మన వ్యాకరణాన్ని నమ్ముకుని నడవవు. ప్రమోషన్ పరీక్ష రాసేటప్పుడు, విచారణలో వాంగ్మూలం ఇచ్చేటప్పుడు మాత్రం కాగితం మీద ఉన్నదే లెక్క.

మందు కూడా ఇంటి తెలుగులోనే ఉందని నా అభిప్రాయం. ఉత్తరాంధ్ర యాసలో ఒక మాట: ‘నాన్న అన్నం తినీసి డ్యూటీకి ఎల్తే అమ్మ తలుపేసీసి పడుకుంటాది.’ నాలుగు పనులకు కాలం చెప్పే క్రియ ఒక్కటే, చివర్న. ‘ఎల్తే’ దగ్గర ఆపితే ‘ఎల్తే ఏటవుద్ది?’ అని పసిపిల్ల కూడా అడుగుతుంది. దీన్నే ఇంగ్లీషులోకి తెస్తే ‘ఎల్తే’ స్థానంలో ‘వెన్’ చేరి, ఆ ముక్కకు సొంత కాలం వస్తుంది. ముగియలేదన్న గుర్తు క్రియ చివరి నుంచి వాక్యం మొదటికి ఎలా జరిగిందో పిల్లవాడికి అక్కడ కళ్ళకు కడుతుంది. హిందీతో ఈ అభ్యాసం సగమే సాగుతుంది: ‘ఖాకర్’ ఉంది గానీ ‘ఎల్తే’కు సాటిగా క్రియకు అంటుకున్న రూపం లేదు, సాధారణంగా ‘అగర్’, ‘జబ్’ అనే విడి మాటలు కావాలి.

‘అన్‌లెస్’కూ ఇదే దారి. ‘అందనిదే’లోని వ్యతిరేకాన్ని పిల్లవాడి చేతే పట్టించి, ఇంగ్లీషులో అది ఏ మాటలోకి చేరిందో చూపించి, ఆ తర్వాత ‘నాట్’ కొట్టేయించాలి. ఈ పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవటం రాదు. అందుకని ఈ పాఠం నల్లబల్ల మీద కన్నా నోటితో మొదలుకావాలి. అందుకు తెలుగు పుస్తకం అక్కర్లేదు, తెలుగు తెలిసిన ఇంగ్లీషు టీచరుంటే చాలు.